లెక్క తీసేస్తే బొమ్మ ఆగుతుందా?

అనంతపురం వైపు బడుల్లో సైన్సు చార్టు వేయమంటే పిల్లలకు మొదట తోచేది చెనక్కాయ (వేరుశనగ) చెట్టే. పండే పంట అదే కాబట్టి ఇందులో వింతేమీ లేదు. ఆకులకు ఆకుపచ్చ, పువ్వుకు పసుపు, అడుగున వేళ్లకు గుత్తులు గుత్తులుగా కాయలు, పక్కన బాణం గుర్తులతో భాగాల పేర్లు. అంతా స్కెచ్ పెన్ను పని, చుట్టూ మెరుపు కాగితం అంచు. ఈ మధ్య ఇలాంటి చార్టుకు ఆర్ట్ ఇంటిగ్రేషన్ ప్రాజెక్టు అని పేరు పెట్టి మార్కులు వేస్తున్నారు. సైన్సూ వచ్చింది, డ్రాయింగూ వచ్చింది, ఒకే దెబ్బకు రెండు పిట్టలు అనుకుంటారు.

తీరా చూస్తే రెండు పిట్టలూ ఎగిరిపోయాయి. చెనక్కాయ వేరుకు కాయదు. పువ్వు నేల మీదే పూస్తుంది. అది ఫలించాక అక్కడి నుంచి సన్నటి ఊడ ఒకటి బయల్దేరి కిందికి వంగి మట్టిలోకి దిగుతుంది. కాయ ఊరేది ఆ ఊడ కొసన. 'ఊడలు దిగే దశ' అన్న మాట సేద్యం చేసే ప్రతి ఇంట్లోనూ వినబడుతుంది, ఆ దశలో వాన మొహం చాటేస్తే ఏమవుతుందో ఆ ఇంటి పిల్లలకు వేరే చెప్పనక్కర్లేదు. అయినా ఆ పిల్లలే పుస్తకంలోని బొమ్మను చూసి చార్టు వేసేటప్పుడు ఊడను వదిలేసి కాయను వేరుకు అతికిస్తారు. చార్టులో తప్పిపోయింది సైన్సు ఒక్కటే అనుకోవడానికి లేదు, చూసి గీయడమనే డ్రాయింగు మొదటి పాఠం కూడా తప్పిపోయింది. పొలం నుంచి మట్టితో సహా పీకి తెచ్చిన చెట్టును బల్ల మీద పెట్టి గీయమంటే ఊడ తప్పకుండా కంటబడుతుంది. ఇదేంటి సార్ అన్న ప్రశ్న డ్రాయింగు పీరియడ్లోనే పుడుతుంది.

బడిలో కళనూ చదువునూ కలపడానికి రెండు దారులున్నాయి. సైన్సు పాఠానికో సాంఘిక పాఠానికో బొమ్మను సాయంగా పిలవడం ఒకటి. ఎక్కువగా నడుస్తున్నది ఇదే. రెండోది దీనికి ఎదురు దారి. డ్రాయింగు పీరియడు డ్రాయింగు పీరియడుగానే ఉంటుంది, అందులో చేస్తున్న పనికి అవసరపడి లెక్కలు, సైన్సు, తెలుగు లోపలికి వస్తాయి. ఈ వ్యాసం రెండో దారి గురించి. అక్కడ ఒక చిన్న పరీక్ష పెట్టుకుంటే చాలు: ఆ లెక్కను తీసేస్తే బొమ్మ పని ఆగుతుందా? ఆగితే కలయిక నిజమైనది. ఆగకపోతే అది మెరుపు కాగితం అంచు లాంటిదే.

ఈ తేడాను విద్యా పరిశోధకులు ఎప్పుడో గుర్తించారు. అమెరికాలో లియోరా బ్రెస్లర్ 1995లో ప్రచురించిన వ్యాసంలో బడులు కళను కలుపుకునే తీరును నాలుగు రకాలుగా విడదీశారు. కళ ఇతర సబ్జెక్టులకు సేవ చేయడం, పిల్లల మనసు తేలికపడటానికి కళను వాడుకోవడం, సభలకూ వేడుకలకూ వాడుకోవడం, చివరిది కళ, ఇతర సబ్జెక్టు సమానంగా నిలబడి ఒకదానికొకటి పదును పెట్టడం. వీటిలో సేవ చేయించుకునే రకమే ఎక్కువ, సమానంగా నిలబడేది అరుదు అని ఆమె గమనించారు. మూడో రకం మన బడులకు బాగా తెలిసిందే. వార్షికోత్సవం దగ్గరపడితే బ్యానరు రాయడానికి డ్రాయింగు మాస్టరు గుర్తొస్తారు.

మన దేశంలో ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1937లో వార్ధాలో గాంధీ ముందుపెట్టిన నయీ తాలీం, జాకిర్ హుస్సేన్ కమిటీ దానికి గీసిన పాఠ్య ప్రణాళిక, రెండూ చేతిపని చుట్టూ చదువును అల్లాలన్నవే. నూలు వడకడంలో లెక్క సహజంగానే ఉంది. నూలు ఎంత సన్నమో చెప్పే కౌంటు అంటేనే ఇంత బరువుకు ఇంత పొడవు అన్న నిష్పత్తి. ఆ లెక్క రాకపోతే వడికినది ఎంత సన్నమో చెప్పలేరు. చరిత్రను, భూగోళాన్ని కూడా కదురుకే చుట్టబోయినప్పుడు మాత్రం దారం తెగుతుంది. జాతీయ విద్యా విధానం 2020 కళా సమ్మిళిత బోధనను గట్టిగా చెప్పింది. సీబీఎస్‌ఈ 2020-21 నుంచి ఒకటి నుంచి పదో తరగతి దాకా ఆర్ట్ ఇంటిగ్రేటెడ్ ప్రాజెక్టును తప్పనిసరి చేసింది. 2023 నాటి పాఠశాల విద్యా పాఠ్య ప్రణాళిక చట్రం కళా విద్యను దానికదే ఒక పాఠ్య రంగంగా నిలబెట్టింది. కాగితం మీద లోటు లేదు. చేతిలోకి వచ్చేసరికి ఏం చేయాలన్నదే చిక్కు. ఈ చిక్కు విడదీయడానికి పాత అనంతపురం జిల్లాలో కావలసినంత సరుకు ఉంది.

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటనే తీసుకుందాం. 2022లో జిల్లాలు విడిపోయాక అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది. తోలుబొమ్మల ఊరుగా పేరున్న నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేక తోలును శుభ్రం చేసి, వెలుతురు దూరేంత పలచగా గీకి, ఆరబెట్టి, దాని మీద గీత గీసి, నగలు వచ్చే చోట చిన్న చిన్న చిల్లులు కొట్టి, రెండు వైపులా రంగు వేస్తారు. చేయి, మోచేయి, మోకాలు విడివిడిగా చేసి ముడులతో కలుపుతారు. బడిలో తోలు దొరకదు, అక్కర్లేదు కూడా. మందపాటి కాగితానికి నూనె పట్టిస్తే పని జరుగుతుంది. ఉగ్గాని బజ్జీ పొట్లం విప్పి నూనె మరకలోంచి బల్బును చూసిన ప్రతి పిల్లాడికీ ఈ కిటుకు ముందే తెలుసు. తెలియనిదల్లా కారణం. కాగితపు పోగుల మధ్య ఉన్న గాలి వెలుతురును చెదరగొడుతుంది, ఆ ఖాళీల్లోకి నూనె చేరితే చెదరడం తగ్గి వెలుతురు ఇవతలికి వస్తుంది.

బొమ్మ తయారయ్యాక తెర కట్టి బల్బు పెట్టగానే లెక్క తనంతట తానే తలుపు తడుతుంది. బల్బుకూ తెరకూ మధ్య 180 సెంటీమీటర్లు ఉందనుకుందాం. 40 సెంటీమీటర్ల హనుమంతుణ్ణి బల్బుకు 120 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే తెర మీద నీడ 60 సెంటీమీటర్లు. ఇంకాస్త వెనక్కి, బల్బుకు 90 సెంటీమీటర్ల దూరానికి తెస్తే నీడ 80. లంకలో హనుమంతుడు పెరగాలి కదా, ఎంత వెనక్కి రావాలి? సరూప త్రిభుజాల పాఠం ఇదే, కాకపోతే పుస్తకంలో లాగా చెట్టు నీడ, స్తంభం నీడ అని కాకుండా అవసరం కొద్దీ వచ్చింది. హనుమంతుడు రెండింతలు కావాలంటే బొమ్మను సరిగ్గా సగం దూరంలో పట్టాలని ఎవరూ చెప్పకుండానే ఒకరిద్దరు కనిపెడతారు.

అక్కడితో ఆగితే ఇది లెక్కల పాఠానికి మరో ముస్తాబే. అసలు సంగతి తర్వాత ఉంది. బొమ్మ వెనక్కి వచ్చేకొద్దీ నీడ పెద్దదవుతుంది, దాంతోపాటు అంచు మసకబారుతుంది. బల్బు చుక్కంత ఉండదు, దానికీ వెడల్పు ఉంటుంది. ఆరు సెంటీమీటర్ల బల్బు అయితే మొదటి చోట అంచు దగ్గర మూడు సెంటీమీటర్ల మేర మసక, రెండో చోట ఆరు సెంటీమీటర్లు. చిల్లులు కొట్టి చెక్కిన నగలన్నీ ఆ మసకలో కలిసిపోతాయి. అందుకే ఆటగాళ్లు బొమ్మను తెరకు ఆనించి ఆడిస్తారు, తెర మీద పెద్దగా కనబడాలనుకున్న పాత్రకు బొమ్మనే పెద్దగా చేస్తారు. తోలుబొమ్మలు ఒక్కోటి మనిషెత్తుకు దగ్గరగా ఎందుకుంటాయో ఇప్పుడు అర్థమవుతుంది. పిల్లలు ఇక్కడ ఒక కళా నిర్ణయం చేయాలి: మసకైనా పెద్ద నీడ కావాలా, చిన్నదైనా తేటగా కావాలా? రాక్షసుడికి మసక బాగుండొచ్చు, సీతకు బాగుండదు. లెక్క కళ చేతికి ఒక పనిముట్టును ఇచ్చింది, దాన్ని ఎప్పుడు వాడాలో కళ తేల్చుకుంది.

తెలుగు పాఠం కూడా ఇందులోనే ఉంది. బొమ్మ చేయి ఎత్తడం దించడం మాటతో కలవకపోతే ఆట రక్తి కట్టదు. ఆ మాట ద్విపద పద్యమైతే, దాని పాదానికి మూడు ఇంద్ర గణాలు, ఒక సూర్య గణం. పరీక్ష కోసం లఘువులూ గురువులూ గుర్తులు పెట్టి విడదీసే పిల్లలు, గణాల విరుపు దగ్గర చేయి దించాలంటే పాదాన్ని గొంతెత్తి చదవక తప్పదు. గణం ఎక్కడ విరుగుతుందో చేతికి తెలుస్తుంది. పలకడం తప్పితే చేయి గాల్లోనే ఉండిపోతుంది, తరగతంతా నవ్వుతుంది, మళ్లీ మొదలుపెడతారు.

ముగ్గుల దగ్గరికి వస్తే బడి కంటే వాకిలే ముందుంది. '15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు' అంటే పదేళ్ల పిల్లకు కూడా అర్థమవుతుంది. నడుమ వరుసలో 15, దానికి అటూ ఇటూ సందుల్లో 14, 13 అలా దిగుతూ 8 దగ్గర ఆపాలి. మొత్తం ఎన్ని చుక్కలు? లెక్క వేస్తే 169. ఒక్కొక్క చుక్కా లెక్కపెట్టేవాళ్లు, వరుసల జతలు కూడేవాళ్లు, ఎనిమిది ఘనంలోంచి ఏడు ఘనం తీసేసినా ఇదే వస్తుందని చూపిస్తే నోరు తెరిచేవాళ్లు ఒకే తరగతిలో ఉంటారు. ఇది సరదా లెక్కే, కానీ మన పరీక్షలో నెగ్గదు. చుక్కల మొత్తం తెలియకపోయినా ముగ్గు ఆగదు. నెగ్గేది మెలికల ముగ్గు.

ఎదురు చుక్కలు పెట్టండి. నిలువుగా మూడు, అడ్డంగా నాలుగు. చుక్కల మధ్య నుంచి ఏటవాలుగా గీత నడిపిస్తూ, అంచుకు వచ్చినప్పుడల్లా మలుపు తిప్పుతూ, ఏ చుక్కనూ తాకకుండా అన్నిటినీ చుట్టి మొదలుపెట్టిన చోటికి రావాలి. మూడు నాలుగుల చుక్కలకు ఒకే గీత మొత్తాన్నీ చుట్టేస్తుంది. మూడు మూడులకు అలా కుదరదు, చెయ్యెత్తి మళ్లీ మొదలుపెట్టాలి, మొత్తం మూడు గీతలు పడతాయి. నాలుగు ఆరులకు రెండు. ఐదు ఏడులకు ఒకటే. ఆరో తరగతి పిల్లలు ఇలా నాలుగైదు వేసి పట్టిక రాసుకుంటే బయటపడేది వాళ్ల లెక్కల పుస్తకంలోని మాటే. గీతల సంఖ్య ఆ రెండు అంకెల గరిష్ఠ సామాన్య భాజకం (గ.సా.భా.) అవుతుంది. ఒకే గీతతో ముగ్గు రావాలని పట్టుదల ఉన్న పిల్లకు ఇప్పుడు గ.సా.భా. అవసరం పడింది. ఎనిమిది ఆరులు పెట్టబోయి, ఒకటి తగ్గించి ఏడు ఆరులు పెడుతుంది. గ.సా.భా. ఎందుకు నేర్చుకోవాలి అన్న ప్రశ్నకు పాఠ్యపుస్తకాలు సాధారణంగా ఇచ్చే జవాబు రెండు డబ్బాల్లో నూనె కొలవడం. ముగ్గు అంతకంటే మెరుగైన జవాబు.

లేపాక్షికి ఎక్స్‌కర్షన్ వెళ్లని బడి ఈ ప్రాంతంలో తక్కువ. వెళ్లిన ప్రతి బడీ చేసేది ఒకటే, వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి ఇవతలికి లాగడం. తల ఎత్తి పైకప్పు చూసేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 16వ శతాబ్దంలో, విజయనగర రాజు అచ్యుతరాయల కాలంలో, విరూపణ్ణ కట్టించిన ఆ వీరభద్రాలయం మండపాల కప్పుల నిండా బొమ్మలున్నాయి. వాటిలోని చీరల అంచులు, పూల వరుసలు తర్వాత నేతలోకి కూడా దిగాయి. ఊరి మొదట్లో ఉన్న ఏకశిలా నంది సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు అంటారు. అడుగుకు ఒక సెంటీమీటరు చొప్పున గీస్తే మామూలు ఏ4 కాగితంలో సరిగ్గా ఇమిడిపోతుంది, పక్కన నిలబడ్డ తరగతి పిల్లాడు నాలుగున్నర సెంటీమీటర్లు వస్తాడు. స్కేలు అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఏర్పాటు అక్కర్లేదు.

కప్పు మీది రంగుల సంగతి ఇంకా చిక్కగా ఉంటుంది. సున్నపు గచ్చు మీద మట్టి రంగులే ఎక్కువగా ఎందుకు వాడతారన్నది ప్రశ్న. ఇంట్లో పసుపు ఉంది, మంచి పచ్చ రంగే, గోడకు ఎందుకు పనికిరాదు? జవాబు పెళ్లి ఇళ్లలోనే ఉంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది, దిష్టి తీసే నీళ్లు కూడా అలాగే తయారవుతాయి. సున్నం క్షారం, పసుపు ఆ క్షారాన్ని చూసి రంగు మార్చే సూచిక. సున్నపు గోడ మీద పసుపుతో సూర్యుణ్ణి వేస్తే కుంకుమ రంగు సూర్యుడు వస్తాడు. జాజు అనే ఎర్రమట్టి అలా మారదు, అందులో ఉన్నది ఇనుము తుప్పు జాతి మట్టి కాబట్టి సున్నాన్ని ఖాతరు చేయదు. పసుపు రంగు కావాలంటే ఇనుము ఉన్న పసుపు మట్టినే వెతుక్కోవాలి. ఆ పసుపు మట్టినే మూకుట్లో వేసి బాగా వేయిస్తే నీరు పోయి జాజులా ఎర్రబడుతుంది. ఒకే మట్టి, రెండు రంగులు. ఈ నాలుగు ముక్కలూ తెలియని చిత్రకారుడు సున్నపు గోడ మీద పని మొదలుపెట్టలేడు, కాబట్టి ఇది పరీక్షలో నెగ్గినట్టే.

రెండో మెట్టు కూడా ఉంది. తాడిపత్రి నాపరాళ్ల మీద నడిచి పెరిగిన పిల్లలకు సున్నపురాయి కొత్త కాదు. ఆ రాయిని కాలిస్తే సున్నం, దానికి నీళ్లు పోస్తే కుతకుత ఉడుకుతుంది, గోడకు పూస్తే గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని మెల్లగా మళ్లీ రాయిగా మారుతుంది. పదో తరగతి రసాయన శాస్త్రంలో ఈ సమీకరణం ఉంది. రెండు పెంకు ముక్కలకు సున్నం గచ్చు పూసి, ఒకదాని మీద తడి ఉండగానే జాజు నీళ్లతో గీత గీయాలి, రెండోది పూర్తిగా ఆరాక గీయాలి. వారం తర్వాత వేలితో రుద్దితే రెండోది ఎక్కువగా వేలికి అంటుకుని వస్తుంది. మొదటిది రాయిలో చిక్కుకుంది. సున్నం కళ్లలో పడితే ప్రమాదం, కలపడం మాత్రం మాస్టరే చేయాలి.

ధర్మవరం మగ్గాల సంగతి క్లుప్తంగా చెప్పొచ్చు. డిజైన్ గీసే గళ్ల కాగితంలో ఒక్కో గడి పడుగూ (నిలువు దారం) పేకా (అడ్డ దారం) కలిసే ఒక్కో చోటు. గళ్ల నోటు పుస్తకం ఉంటే ఎవరైనా చేయగల పని ఇది. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు అయితే దూరానికి మూడో రంగు కనబడటం కూడా రంగు కాగితపు పీలికలు అల్లి చూడొచ్చు. గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో, కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర ఉన్న అశోకుడి శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, తర్వాతివి కుడి నుంచి ఎడమకు నడుస్తాయి, ఎద్దులు మడక తిరిగినట్టు. అక్షరాలు అందంగా రాయడం నేర్పే రోజున పిల్లలతో తమ పేరును అలా రాయించి చూస్తే, రాత దిశ అన్నది ఒక ఒప్పందమేనని తెలుస్తుంది. కడప జిల్లా కలమళ్లలో సుమారు 575 నాటి తొలి తెలుగు శాసనపు అక్షరాలూ ఇందుకు పనికొస్తాయి. అయితే శాసనం ఎవరు వేయించారు, ఏ వంశం అన్న జాబితాను డ్రాయింగు పీరియడ్లోకి లాక్కురావడం అనవసరం. అది లేకుండా అక్షరం ఆగదు.

కళ నేర్పితే లెక్కల మార్కులు పెరుగుతాయన్న ఆశతో ఇదంతా చేస్తే నిరాశే మిగులుతుంది. అమెరికా పరిశోధకులు ఎలెన్ విన్నర్, లోయిస్ హెట్లాండ్ 2000లో అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను జల్లెడ పట్టి చూశారు. నాటకం వల్ల భాషా నైపుణ్యం పెరగడం లాంటి కొన్ని చోట్ల తప్ప, కళల వల్లే చదువు మార్కులు పెరుగుతాయనడానికి గట్టి ఆధారం దొరకలేదని తేల్చారు. కళాభిమానులు చాలామంది దీన్ని జీర్ణించుకోలేకపోయారు. నిజానికి బాధపడవలసిన పని లేదు. లెక్కల మాస్టరు తన సబ్జెక్టు వల్ల డ్రాయింగు బాగుపడుతుందని ఎక్కడా రుజువు చూపించనక్కర్లేదు కదా. మెలికల ముగ్గులో గ.సా.భా. రావడం వల్ల యూనిట్ టెస్టులో రెండు మార్కులు పెరిగితే మంచిదే, పెరగకపోయినా ముగ్గు ముగ్గే.

ఇక అడ్డంకులు. విద్యా హక్కు చట్టం 2009 షెడ్యూలు ప్రకారం వందకు మించి పిల్లలున్న ప్రాథమికోన్నత బడిలో కళా విద్యకు పార్ట్‌టైం బోధకుడు ఉండాలి. వందలోపు బడుల గురించి షెడ్యూలు ఆ మాట ఎత్తదు, పల్లెల్లో చిన్న బడులే ఎక్కువ. డ్రాయింగు మాస్టరు ఉన్న చోట కూడా పరీక్షలు దగ్గరపడగానే ఆ పీరియడు లెక్కలకో ఇంగ్లీషుకో అప్పుగా వెళ్తుంది, ఆ అప్పు తీరడం ఎవరూ చూడలేదు. నలభై ఐదు నిమిషాల్లో బల్బు పెట్టి తెర కట్టి విప్పడానికే సగం పోతుంది, వారంలో రెండు పీరియడ్లు పక్కపక్కన వేస్తే తప్ప తోలుబొమ్మ ముందుకు కదలదు. కనీసం ఒక్క విషయంలో పరిస్థితి అనుకున్నదానికంటే మేలు. డ్రాయింగు లోయర్, హయ్యర్ పరీక్షలు రాసి వచ్చిన మాస్టరుకు జామెట్రీ గీతలు కొట్టిన పిండి. ఆయనకు లెక్కలు రావన్నది స్టాఫ్ రూము అపోహ.

మార్కుల విషయంలో జాగ్రత్త అవసరం. భాగాల పేర్లు సరిగా రాశారా అన్నదానికే మార్కులు పడితే పిల్లలు పేర్లు మాత్రమే చూసుకుంటారు, గీత ఎటు పోయినా పట్టించుకోరు. నీడ కొలత సరిపోయిందా అన్నది ఒకటి, బొమ్మ నిలబడిన తీరు బాగుందా అన్నది మరొకటి. రెండింటినీ విడివిడిగా చూడాలి. మొదటిది లెక్కల మాస్టరు చూసినా ఫర్వాలేదు. నెలలో ఒక పీరియడు ఏ సబ్జెక్టూ లేకుండా వదిలేయడం కూడా అవసరమే. ఆ రోజు పిల్ల తనకు తోచిన ఏనుగును తనకు తోచిన రంగులో వేసుకుంటుంది, ఏనుగు ఊదా రంగులో ఉందేమని ఎవరూ అడగకూడదు.

చెనక్కాయ చార్టు వేయాలనుకున్న బడికి ఖరీఫ్ కాలం కలిసొస్తుంది. జూలైలో విత్తిన చేను నుంచి ఆగస్టులో పూతకొచ్చిన చెట్టును, సెప్టెంబరులో ఊడలు దిగిన చెట్టును, కోతకు ముందు కాయలతో ఉన్న చెట్టును తెప్పించి ఒకే పిల్లతో మూడు సార్లు పెన్సిలుతో గీయించవచ్చు. మూడో బొమ్మకు వచ్చేసరికి జూన్‌లో వేసిన చార్టులో కాయలు ఎక్కడ అతికించిందో ఆ పిల్లే వేలు పెట్టి చూపిస్తుంది. దాన్ని దిద్దడానికి వీలుండదు, స్కెచ్ పెన్నుతో వేసింది కదా. కొత్త షీటు కొనాల్సిందే.